ముత్యం బెజ్జం చెప్పే సంగతులు



పాత ముత్యాల నగ చేతికి వచ్చినప్పుడు ఎవరైనా అడిగే ప్రశ్నలు రెండు. ఇది ఎన్నేళ్ల నాటిది? ఈ ముత్యాలు ఎక్కడివి? మన ఇళ్లల్లో వీటికి జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. "మా జేజమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది, నైజాం కాలం నాటి బస్రా ముత్యాలు" అంటారు ఒకరు. "మా నాయనమ్మ పెళ్లికి చేయించిన గుట్టపూసల హారం, వందేళ్లు దాటింది" అంటారు ఇంకొకరు. వాళ్లెవరూ అబద్ధం చెప్పాలని చెప్పరు. తమకు చెప్పిందే మనకు చెబుతారు. ఆ మాటను గౌరవంగా వినాలి, ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి కూడా. కాని నగ వయసు తేల్చడానికి ఆ మాట ఒక్కటే చాలదు.

ఎందుకు చాలదో ముందు చెబుతాను. ముత్యాల నగకు ఒకే వయసు ఉండదు. దారానికి ఒక వయసు, బంగారానికి ఒక వయసు, ముత్యానికి ఒక వయసు. దారం కొన్నేళ్లకోసారి మాసిపోతుంది, తెగిపోతుంది, మళ్లీ గుచ్చిస్తాం. బంగారం కరుగుతుంది. అమ్మమ్మ చంద్రహారం అమ్మ చేతికొచ్చేసరికి రెండు గొలుసులవుతుంది. ముత్యాలు మాత్రం కరగవు, ఒక నగలోంచి ఇంకో నగలోకి నడిచి వెళతాయి. నత్తులో ఉన్న ముత్యం కూతురి లోలాకుల్లోకి వెళుతుంది. పేటలో నాలుగు ముత్యాలు పోతే బజారులో దొరికిన నాలుగు కొత్తవి కలుపుతారు. అందువల్ల 1880లో చేసిన పతకం కింద 1980లో కొన్న ముత్యాలు వేలాడుతూ ఉండవచ్చు. నిన్న చేయించిన బంగారు నగలో రెండు వందల ఏళ్ల నాటి ముత్యాలు కూడా ఉండవచ్చు. ఈ మూడింటినీ విడివిడిగా చూడటం అలవాటు చేసుకుంటే సగం చిక్కు విడిపోతుంది. ఈ మూడింటిలోనూ నేను ముందు ముత్యాన్నే చూడమంటాను.

ముత్యాల చరిత్రను రెండుగా విడదీసే గీత ఒకటి ఉంది. అది 1920 ప్రాంతంలో పడింది. అంతకుముందు లోకంలో ఉన్న గుండ్రటి ముత్యం ఏదైనా సరే, సముద్రంలోనో నదిలోనో దానంతటదే పుట్టినదై ఉండాలి. లేదా గాజుతోనో మైనంతోనో చేసిన నకిలీ అయి ఉండాలి. మూడో రకం లేదు. ఆ మూడో రకాన్ని తెచ్చినవాళ్లు జపాన్ వాళ్లు. కొకిచి మికిమోతో అనే వ్యాపారి 1893లో ఆల్చిప్పలో అర్ధగోళం లాంటి ముత్యాన్ని పెంచగలిగాడు. పూర్తి గుండ్రటి ముత్యాన్ని పెంచే కిటుకును ఆ తర్వాత తోకిచి నిషికావా, తత్సుహెయ్ మిసే అనే మరో ఇద్దరు కనిపెట్టారు. చిప్పతో చేసిన చిన్న గుండును, ఇంకో ఆల్చిప్ప మాంసపు ముక్కతో కలిపి, బతికున్న ఆల్చిప్ప ఒంట్లో పెట్టాలి. ఆ ముక్కలోని కణాలు గుండు చుట్టూ సంచిలా పెరిగి, దానిమీద ముత్యపు పొరలు పోస్తాయి. మనం కల్చర్డ్ ముత్యం అంటున్నది దీన్నే. 1921లో ఇవి లండన్ బజారులో కనిపించేసరికి నగల వర్తకులకు గుండె ఆగినంత పనైంది. చూపుకు తేడా లేదు, చేతికి తేడా లేదు. పారిస్‌లో గొడవ కోర్టు దాకా వెళ్లింది.

ఆ వర్తకుల భయం ఎంత పెద్దదో అర్థం కావాలంటే అంతకు కొద్ది కాలం ముందు ముత్యం విలువ ఎంతో తెలియాలి. 1917లో న్యూయార్క్‌లో కార్టియే సంస్థ ఫిఫ్త్ అవెన్యూలో ఒక పెద్ద భవనాన్ని సొంతం చేసుకుంది. దానికి బదులుగా ఇచ్చింది రెండు పేటల ముత్యాల హారం, పైన వంద డాలర్లు. ఆ హారానికి అప్పట్లో కట్టిన వెల పది లక్షల డాలర్లు. అదే హారం 1957లో వేలానికి వస్తే లక్షన్నర డాలర్లకు అటూఇటూగా పలికింది. పోయిన విలువ ముత్యాల అందంలోంచి పోయింది కాదు. అవి మునుపటి ముత్యాలే, మునుపటి మెరుపే. లోకంలో ముత్యం అరుదు అన్న నమ్మకం పోయింది.

దెబ్బ తగిలింది వర్తకులకే కాదు. పర్షియన్ గల్ఫ్‌లో బహ్రెయిన్, కువైట్, ఖతార్ తీరాల్లో వేసవి నెలలన్నీ పడవల మీద గడిపి, ముక్కుకు క్లిప్పు పెట్టుకుని, కాలికి రాయి కట్టుకుని సముద్రంలోకి దిగే వేలాది మంది మునకగాళ్ల బతుకులు కూలిపోయాయి. 1929 తర్వాతి ఆర్థిక మాంద్యం, జపాన్ ముత్యాలు ఒకేసారి వచ్చి పడ్డాయి. 1932లో బహ్రెయిన్‌లో చమురు పడకపోతే ఆ దీవి ఏమై ఉండేదో చెప్పలేం. బహ్రెయిన్ మాత్రం తన ముత్యాల పేరును వదులుకోలేదు. కల్చర్డ్ ముత్యాల వ్యాపారాన్ని చట్టంతో అడ్డుకుంది.

ఇక మన నగకు వద్దాం. ఈ గీత వల్ల మనకొక గట్టి ఆధారం దొరికింది. నగలో గుండ్రటి కల్చర్డ్ ముత్యం ఉందంటే ఆ ముత్యం 1920 ప్రాంతానికి ముందుది కాదు. ఇంట్లో ఏం చెప్పుకున్నా, బంగారం పని ఎంత పాతదిగా కనిపించినా ఈ మాట మారదు. దీన్ని తిరగేసి మాత్రం అనకూడదు. ముత్యం సహజమైనదని తేలినంత మాత్రాన నగ పాతది అయిపోదు. సహజ ముత్యాలు తర్వాతి కాలంలోనూ దొరికాయి, పాత ముత్యాలతో కొత్త నగలూ చేశారు. కల్చర్డ్ ముత్యం తాను ఎంతకంటే పాతది కాలేదో చెబుతుంది. సహజ ముత్యం అంత మాట కూడా చెప్పలేదు.

మరి సహజమో కాదో ఇంట్లో కూర్చుని ఎలా పసిగట్టాలి? నగల దుకాణాల్లో వాడే పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం ఒకటి సంపాదించండి. పగటి వెలుగులో, తెల్లటి గుడ్డ పరచుకుని కూర్చోండి. ముత్యం మెరుపు చూసి మురిసిపోకుండా దాని బెజ్జం చూడండి. ముత్యం పైభాగం ఎవరినైనా మోసం చేస్తుంది. బెజ్జం లోపలి సంగతి బయటపెడుతుంది.

ముందు బెజ్జం సన్నదనం. పాత సహజ ముత్యాల బెజ్జం సాధారణంగా చాలా సన్నం, తరచుగా అర మిల్లీమీటరు కూడా ఉండదు. దీనికి కారణం డబ్బు. గల్ఫ్‌లోనూ బొంబాయిలోనూ సహజ ముత్యాన్ని బరువుతో కొనేవారు, అదీ మామూలు లెక్కలో కాదు. చవ్ అనే లెక్క ఒకటుండేది. అందులో వెల బరువు వర్గంతో పెరుగుతుంది, అంటే ముత్యం బరువు రెట్టింపైతే ధర నాలుగింతలు. యూరప్ వర్తకులూ ఇలాంటి లెక్కే వాడారు. ఆ లెక్కలో బెజ్జం లావైతే రాలిన పొడి అంతా డబ్బే. అందుకని బెజ్జం వేసే పనివాడు ముత్యాన్ని చెక్కలో బిగించి, విల్లుతో తిప్పే సన్నటి బరమాతో, నీటి చుక్కలు వేసుకుంటూ, రెండు వైపుల నుంచీ కొద్దికొద్దిగా తొలిచేవాడు. రెండు దారులూ మధ్యలో కలుస్తాయి. ఆ కలయిక ఒక్కోసారి కాస్త పక్కకు జరుగుతుంది. భూతద్దంలో బెజ్జంలోకి చూస్తే లోపల సన్నటి మెట్టులాంటి వంపు కనబడుతుంది. కల్చర్డ్ ముత్యానికి యంత్రంతో వేసిన బెజ్జం ఎక్కువగా ఇంతకంటే వెడల్పు, నిటారు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మన దేశపు పాత ముత్యాల్లో లావు బెజ్జాలూ కనిపిస్తాయి. జరీ దారం పట్టాలనో బంగారు తీగ దూర్చాలనో పాత బెజ్జాన్ని మళ్లీ పెద్దది చేసినవి ఉంటాయి. తీగ రాపిడికి అరిగి పెద్దవైనవీ ఉంటాయి. కొన్ని ముత్యాలకు రెండు బెజ్జాలుంటాయి, ఒకటి ఆరపార, ఇంకొకటి సగం దాకా. సగం బెజ్జం అంటే ఒకప్పుడు దాన్ని కమ్మలోనో ఉంగరంలోనో మేకు మీద నిలబెట్టారన్నమాట. పనికిరాని బెజ్జాన్ని లక్కతో పూడ్చినవి కూడా చూడవచ్చు. నగల షాపుల్లో ఇలాంటి ముత్యాన్ని లోపమున్నదని పక్కన పెడతారు. నాకు మాత్రం అదే అన్నిటికంటే విలువైన ముత్యంగా కనిపిస్తుంది. అది ఎన్ని నగల్లో తిరిగిందో దాని ఒంటి మీదే రాసి ఉంది.

తర్వాత బెజ్జం అంచు లోపలికి చూడండి. సహజ ముత్యం ఉల్లిపాయలా పొరమీద పొరగా లోపలి దాకా ఒకే పదార్థం. గుండు పెట్టి పెంచిన కల్చర్డ్ ముత్యంలో పైన పలచటి ముత్యపు పొర, లోపల చిప్ప గుండు. ఆ రెండూ కలిసేచోట సన్నటి ముదురు గీత కనిపిస్తుంది. ఆ గీత స్పష్టంగా ఉంటే ఇక సందేహం అక్కర్లేదు. ముత్యం అరిగినప్పుడు కూడా ఈ తేడా తెలుస్తుంది. ముత్యం గట్టి రాయి కాదు. చెమటకు, రాపిడికి అరిగిపోతూ ఉంటుంది. పాత హారాల్లో పక్క ముత్యంతో రాసుకునే చోట చదునుగా అయిపోయి, చిన్న పీపాల్లా మారిన ముత్యాలు కనిపిస్తాయి. సహజ ముత్యం ఎంత అరిగినా కింద ఇంకో ముత్యపు పొరే ఉంటుంది. కల్చర్డ్ ముత్యం అరిగితే కింద నుంచి సుద్దలాంటి గుండు బయటపడుతుంది.

చీకటి గదిలో సన్నటి టార్చి వెలుగు మీద ముత్యాన్ని మెల్లగా తిప్పి చూడటం ఇంకో పద్ధతి. లోపల చిప్ప గుండు ఉంటే ఆ చిప్పలోని సమాంతర చారలు ఒకచోట వెలుగుగా, ఒకచోట నీడగా కనిపించవచ్చు. కనిపిస్తే కల్చర్డ్. కనిపించకపోతే మాత్రం ఏదీ తేలనట్టే.

పంటి పరీక్ష సంగతి చాలామంది అడుగుతారు. ముత్యాన్ని ముందుపళ్లకు మెల్లగా రాస్తే అసలు ముత్యం సన్నటి ఇసుకలా గరగరలాడుతుంది, గాజు జారుతుంది. ఇది గాజునూ ముత్యాన్నీ వేరు చేస్తుంది, అంతవరకే. కల్చర్డ్ ముత్యం కూడా గరగరలాడుతుంది, దాని పైపొరా ముత్యమే కదా. పంటికి బదులు రెండు ముత్యాలను ఒకదానితో ఒకటి మెల్లగా రాసి చూసినా అదే తెలుస్తుంది. నిప్పులో కాల్చి చూడటం, నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో వేసి చూడటం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. ముత్యం పులుపులో కరిగిపోతుంది. పరీక్ష నెగ్గినా ముత్యం మిగలదు.

గాజు నకిలీలను తక్కువగా చూడకూడదని కూడా చెప్పాలి. 17వ శతాబ్దంలో పారిస్‌లో జపమాలలు చేసే జాకాఁ అనే అతను ఒక చిన్న నదిచేప పొలుసుల్లోంచి వచ్చే మెరిసే పదార్థాన్ని పలచటి గాజు బుడగల లోపల పూసి, వాటిని మైనంతో నింపాడు. ఆ విద్య యూరప్ అంతటా పాకింది. బెజ్జం దగ్గర గాజు అంచు, లోపల మైనం కనిపిస్తే అలాంటివే. అవి అసలు ముత్యాలు కాకపోయినా నగగా నిజంగా పాతవి కావచ్చు. పారేయవద్దు.

ఇప్పుడు రెండో ప్రశ్న, ఎక్కడివి అన్నది. ఇక్కడే నాకు ఎక్కువ బాధ కలుగుతుంది, ఎందుకంటే బస్రా అన్న పేరును మనం చాలా తేలిగ్గా వాడేస్తున్నాం. బస్రా ఇరాక్‌లోని రేవు పట్టణం. ముత్యాలు దొరికింది ఆ ఊళ్లో కాదు. బహ్రెయిన్ చుట్టూ, గల్ఫ్ అరబ్ తీరం పొడుగునా ఉన్న ఆల్చిప్పల గడ్డల మీద దొరికేవి. బస్రా బజారు మీదుగా మన దేశానికి వచ్చాయి గనుక ఆ పేరుతో స్థిరపడ్డాయి. 19వ శతాబ్దం వచ్చేసరికి గల్ఫ్ ముత్యాల పెద్ద బజారు బొంబాయి అయింది. గల్ఫ్ వర్తకుల చేతుల్లో మన రూపాయి ఆడింది. బొంబాయిలోనే బెజ్జాలు వేసి, జల్లెడల్లో పోసి పరిమాణాల వారీగా విడదీసి, పారిస్‌కూ లండన్‌కూ పంపేవారు. ఫ్రాన్స్ వర్తకుడు కొన్న ముత్యమూ హైదరాబాద్ నవాబు కొన్న ముత్యమూ ఒకే పడవలో వచ్చినవి కావచ్చు.

గల్ఫ్ ఒక్కటే కాదు. మనకు అంతకంటే దగ్గరగా మన్నార్ సింధుశాఖ ఉంది. ఇటు తూత్తుకుడి, అటు శ్రీలంక తీరం. పాండ్యుల కొర్కై రేవు ఈ ముత్యాలతోనే పేరు పొందింది. కౌటిల్యుడి అర్థశాస్త్రం ముత్యాలు దొరికే చోట్లను పేరుపేరునా చెబుతూ తామ్రపర్ణినీ పాండ్యకవాటాన్నీ ముందు వరుసలో పెట్టింది. వరాహమిహిరుడు బృహత్సంహితలో ముత్యాలకు ఒక అధ్యాయమే కేటాయించి సింహళం, తామ్రపర్ణి, పారశీకం ముత్యాలకు వేరువేరు లక్షణాలు చెప్పాడు. పుట్టిన చోటును బట్టి ముత్యాన్ని గుర్తించాలన్న తపన మనకు కొత్తది కాదు. గల్ఫ్ ముత్యం మీగడ రంగులో, ఒక్కోసారి గులాబీ జాడతో ఉంటుందని, మన్నార్ ముత్యం తెల్లగా వెండి ఛాయలో ఉంటుందని వర్తకులు చెబుతారు. ఆ మాటలో అనుభవం ఉంది. కాని ముత్యం వయసుతో పాటు పసుపెక్కుతుంది. సాంబ్రాణి పొగ, పసుపు, గంధం, చెమట అన్నీ పీల్చుకుంటుంది. నూరేళ్లు ఒంటి మీద ఉన్న మన్నార్ ముత్యం గల్ఫ్ ముత్యంలా కనిపిస్తే ఆశ్చర్యం లేదు. రంగు ఒక్కటే చూసి పుట్టిన ఊరు చెప్పేవాళ్లను నమ్మకండి.

మన తెలుగు తీరానికీ ముత్యాలతో ఒక చిన్న సంబంధం ఉంది. కాకినాడ అఖాతంలో వెలుగు అవతలికి కనిపించేంత పలచటి చిప్పలున్న ఒక రకం ఆల్చిప్ప పెరుగుతుంది. అందులో దొరికే ముత్యాలు చాలా చిన్నవి, వంకరటింకరవి, మెరుపు తక్కువ. నగలకు పనికిరావు, మందులకు నూరేవారు. మీ నగలోవి అవి కావని నిశ్చింతగా ఉండవచ్చు.

హైదరాబాద్ సంగతి వేరు. దానికి సముద్రమే లేదు. దానికున్నది ముత్యం మీద మోజు, బెజ్జం వేసే చేయి, జత కలిపే కన్ను. గోల్కొండ తానీషా కాలం నుంచి భద్రాద్రి రాముడి కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు వెళ్లడం ఆనవాయితీ అని మనందరికీ తెలుసు. ఆసఫ్‌జాహీ ప్రభువుల కాలంలో ఆ మోజు శిఖరానికి చేరింది. భారత ప్రభుత్వం 1995లో 218 కోట్ల రూపాయలకు కొన్న నిజాం నగల్లో సత్‌లడా అనే ఏడు పేటల ముత్యాల హారం ఉంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆ నగలను ప్రదర్శించినప్పుడు జనం జేకబ్ వజ్రం ముందు గుమిగూడారు. నన్నడిగితే సత్‌లడా ముందే ఎక్కువసేపు నిలబడాలి. కల్చర్డ్ ముత్యాలకు అలవాటు పడిన మన కళ్లకు అంత పరిమాణంలో అన్ని సహజ ముత్యాలను ఒక రంగుకు, ఒక మెరుపుకు జత కలపడానికి ఎంత ఓపిక కావాలో తోచదు. వజ్రాన్ని సానబట్టి కావలసిన రూపం ఇవ్వవచ్చు. సహజ ముత్యం ఎలా దొరికితే అలాగే. జత దొరికేదాకా ఆగడం తప్ప మార్గం లేదు.

ఇందుకే పాత సహజ ముత్యాల పేటలో ముత్యాలన్నీ అచ్చు ఒకేలా ఉండవు. నడుమ పెద్దవి, చివరలకు పోనుపోను చిన్నవి. పక్కపక్క ముత్యాల్లోనూ కాస్త గుండ్రటిది, కాస్త కోలగా ఉన్నది కలిసి ఉంటాయి. అన్నీ ఒకే సైజులో, ఒకే తెలుపులో, ఒకే మెరుపులో ఉన్న పొడవాటి పేట చూస్తే నా చేయి వెంటనే భూతద్దం మీదికి వెళుతుంది.

ఈ రోజు చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టిలో అమ్ముతున్న ముత్యాల్లో ఎక్కువ భాగం చైనా మంచినీటి చెరువుల్లో పెంచినవే. అందులో తప్పేమీ లేదు, ఆ మాట చెప్పి అమ్మినంత కాలం. మనకు కావలసిన సంగతి ఏమిటంటే, కల్చర్డ్ ముత్యాల్లో ఒక్కో రకం బజారుకు వచ్చిన కాలం తెలుసు గనుక అవి తమ తేదీని వెంట తెస్తాయి. బియ్యపు గింజల్లా ముడతలు పడ్డ చిన్న ముత్యాలు చైనా నుంచి కుప్పలుగా రావడం 1970ల సంగతి. ఆస్ట్రేలియా తీరంలో పెద్ద తెల్ల ముత్యాల పెంపకం 1956లో మొదలైంది. తాహితీ నల్ల ముత్యాలు వ్యాపారంగా ఊపందుకున్నది 1970ల తర్వాతే. మన దేశంలో మొదటి కల్చర్డ్ ముత్యాన్ని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 1973లో తూత్తుకుడి దగ్గర సాధించింది. "తాతగారి కాలం నాటిది" అన్న గుట్టపూసల హారం అంచున బియ్యపు గింజల ముత్యాలు తెల్లగా, వరుసగా వేలాడుతుంటే ఆ కుచ్చులు మాత్రం తాతగారి కాలానివి కావు. పాత గుట్టపూసల్లో ముత్యాలు బుల్లివి, ఎగుడుదిగుడువి, రకరకాల మీగడ ఛాయలవి.

అంత మాత్రాన ఆ హారం కొత్తదని తేల్చేయకండి. ఇప్పుడు బంగారం వైపు తిప్పండి, అంటే వెనక్కి తిప్పండి. కెంపుల వెనక మూసిన పొదుగు ఉందా? లోపల లక్క నింపారా? తీగల చుట్లు చేతితో తిప్పినట్టు హెచ్చుతగ్గులుగా ఉన్నాయా? మెడ వెనక గొలుసు యంత్రంతో చేసినదా, లేక పట్టుదారపు తాడేనా? దుద్దుల సీల మరలు సమంగా ఉన్నాయా, చేతితో కోసినట్టున్నాయా? బిఐఎస్ హాల్‌మార్క్ ముద్ర ఉంటే ఆ ముద్ర 2000 తర్వాత వేసినది. అక్షరాలు, అంకెలు కలిసి ఆరు ఉండే గుర్తింపు సంఖ్య కూడా ఉంటే 2021 తర్వాతది. విదేశం నుంచి వచ్చిన నగ అయితే పని ఇంకా తేలిక. ఫ్రాన్స్ వాళ్లు 1838 నుంచి 18 క్యారెట్ల బంగారం మీద గద్దతల ముద్ర వేశారు. పాత ఇంగ్లండ్ ముద్రల్లో ఏడాదిని సూచించే అక్షరమే ఉంటుంది. ఆవగింజంత ముత్యాలను గుర్రపు వెంట్రుకలతో చిప్ప రేకు మీద కుట్టిన పువ్వుల నగలు దొరికితే అవి 19వ శతాబ్దపు ఇంగ్లండ్ తరహావి. వాటిని నీళ్లలో అస్సలు పెట్టకండి.

ఇంత చూశాక కూడా సహజమా కాదా అన్నది కచ్చితంగా తేల్చేది ప్రయోగశాలే. ఇక్కడ మళ్లీ 1920లకు వెళ్లాలి. కల్చర్డ్ ముత్యాల భయంతోనే ఫ్రాన్స్‌లో ఒక పరికరం చేశారు. రెండు చిన్న అద్దాలున్న బోలు సూదిని ముత్యం బెజ్జంలోకి దూర్చి వెలుగు పంపుతారు. సహజ ముత్యంలో ఆ వెలుగు గుండ్రటి పొరల వెంట తిరిగి అవతలి అద్దంలో మెరుస్తుంది. కల్చర్డ్ ముత్యంలో గుండు చారల వెంట నేరుగా బయటికి పోతుంది. బెజ్జమే సాక్ష్యం చెప్పే దారి అయింది. 1925లో లండన్‌లో ముత్యాల పరీక్షల కోసం ప్రయోగశాల వెలిసింది. ఎక్స్‌రేలు వచ్చాక బెజ్జం లేకుండానే లోపలి పొరలు చూడగలిగారు. ఇప్పుడు సీటీ స్కాన్ లాంటి పద్ధతితో ముత్యాన్ని కోయకుండానే పొరపొరగా చదువుతున్నారు. మంచినీటి ముత్యంలో మాంగనీసు ఎక్కువ. ఎక్స్‌రే పడితే అది వెలుగుతుంది, సముద్రపు ముత్యం సాధారణంగా వెలగదు.

వయసును నేరుగా కొలిచే దారి కూడా తెరుచుకుంది. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు బెజ్జం లోపలి నుంచి కొద్ది మిల్లీగ్రాముల పొడి తీసి కార్బన్-14తో ముత్యం కాలం లెక్కగడుతున్నారు. సముద్రపు నీటిలోని కార్బన్ అప్పటికే పాతది గనుక ఆ తేడాను సవరించుకోవాలి. 1950లలో మొదలైన అణుపరీక్షల తర్వాత పెరిగిన ముత్యాల్లో కార్బన్-14 పెరిగి ఉంటుంది కాబట్టి అవి వెంటనే దొరికిపోతాయి. 2013లో అక్కడివాళ్లే ముత్యం నుంచి డీఎన్ఏ తీసి అది ఏ జాతి ఆల్చిప్పదో చెప్పగలిగారు. ఆస్ట్రేలియా పెద్ద ఆల్చిప్పను, తాహితీ నల్ల ఆల్చిప్పను, గల్ఫ్ ఆల్చిప్పను అది వేరుచేస్తుంది. గల్ఫ్, మన్నార్ ఆల్చిప్పలు చాలా దగ్గరి జాతివి. అందుకని మీ పేట బహ్రెయిన్‌దా తూత్తుకుడిదా అన్నది జాతిని బట్టి తేల్చడం కష్టం. బస్రా అని రాసిచ్చిన కాగితం చూపిస్తే ఎవరు, దేన్ని బట్టి రాశారో అడగండి.

ముంబైలో, జైపూర్‌లో రత్నపరీక్ష ప్రయోగశాలలున్నాయి. పంపేటప్పుడు నాలుగు విషయాలు కాగితం మీద రావాలని అడగండి. సహజమా కల్చర్డా, ఉప్పునీటిదా మంచినీటిదా, రంగు వేశారా తెల్లబరిచారా, పేటలో అన్ని ముత్యాలనూ చూశారా కొన్నిటినేనా. ఈ చివరిది మరవకండి. పాత పేటలో కొత్త ముత్యాలు కలవడం ఎంత మామూలో ఇందాక చెప్పాను కదా.

ఇక ఒక విన్నపం. పాత నగను మార్చడానికి దుకాణానికి తీసుకెళితే బంగారం తూకం వేస్తారు, మాసిన ముత్యాలను తీసి పక్కన పెడతారు, ఒక్కోసారి ఊరికే పొట్లం కట్టి ఇచ్చేస్తారు. ఆ పొట్లంలో ఉన్నది బంగారం కంటే ఎక్కువ విలువైనది కావచ్చు. మాసిపోయి, పసుపెక్కి, ఎగుడుదిగుడుగా ఉన్నందుకే దాన్ని చులకనగా చూడకండి. మార్చడానికి ముందు ఒక్కసారి బెజ్జం చూడండి, చూపించండి. మెరుపు తెప్పిస్తామని రసాయనాల్లో వేయనివ్వకండి. మెత్తటి తడిగుడ్డతో తుడిచి ఆరనిస్తే చాలు.

మళ్లీ గుచ్చించాల్సి వస్తే గుచ్చేవాళ్ల పక్కన కూర్చోండి. ముత్యాల వరుస మారకుండా చూడమనండి. విప్పకముందు ముందువైపు, వెనకవైపు ఫోటోలు తీయండి. తీసేసిన పాత దారాన్ని, జరీ కుచ్చును, తాడు ముడులను పారేయకుండా కాగితపు కవరులో పెట్టండి. ఆ నగ గురించి ఇంట్లో పెద్దలు చెప్పిన మాటను, చెప్పినవారి పేరుతో సహా అదే కవరు మీద రాయండి. కొత్తగా ఎన్ని ముత్యాలు కలిపారో, ఎక్కడ కలిపారో రాసి, తారీఖు వేయండి.